డాలస్–డెన్వర్ దారిలో సిమరాన్ కౌంటీ: ఈ ఊరి కథ తెలిసినవాళ్లు చెప్పండి

బాటసారి_డాలస్

అందరికీ నమస్కారం. డాలస్ నుంచి డెన్వర్‌కి కారులో వెళ్లినవాళ్లందరికీ 287 హైవే తెలిసే ఉంటుంది. అమరిల్లో దాటాక డ్యూమస్, స్ట్రాట్‌ఫర్డ్, ఆ తర్వాత ఒక్లహోమా బోర్డు. ఆ రాష్ట్రంలో మనం ఉండేది గంట లోపే. మధ్యలో తగిలే ఊరు ఒక్కటే, బోయిస్ సిటీ. సిమరాన్ కౌంటీకి ముఖ్యపట్టణం అదే.

నేను ఆ దారిలో నాలుగుసార్లు వెళ్లాను, ఎప్పుడూ పెట్రోలు పోయించుకుని వెళ్లిపోయేవాణ్ని. ఈసారి పిల్లలు ఆకలంటే ఊళ్లోనే ఆగాం. ఊరి నడిమధ్యలో కోర్టు భవనం, దాని చుట్టూ తిరిగే రోడ్డు. హైవేలన్నీ అక్కడికే వచ్చి కలుస్తాయి. కాస్త పక్కన ఎర్రరంగు పాత రైలు పెట్టె ఉంది. దాని దగ్గర బాంబుల గుర్తుగా ఒక స్మారకం. రెండో ప్రపంచయుద్ధంలో ఈ ఊరి మీద బాంబులు పడ్డాయట! నేనెప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చాక చూస్తే, 2020 జనాభా లెక్కల్లో కౌంటీ మొత్తానికీ 2,296 మంది. వైశాల్యం 1,800 చదరపు మైళ్లకు పైనే. అంటే మైలుకు మనిషి. 1930లో మాత్రం 5,408 మంది ఉన్నారు. మిగతావాళ్లు ఏమయ్యారు? అసలు ఒక్లహోమాకి పడమటి వైపు అలా గరిటె కాడలా ఆ చీలిక ఎందుకుంది? తెలిసినవాళ్లు ఓపిగ్గా రాస్తే చదువుకుంటాను.

పాతకాగితాలు

బాబూ, ముందు బాంబుల సంగతి చెప్తాను. వేసింది శత్రువులు కాదు, అమెరికా విమానమే.

1943 జూలై 5, అర్ధరాత్రి దాటాక. టెక్సస్‌లోని డాల్‌హార్ట్ సైనిక స్థావరం నుంచి ఒక బి–17 బాంబరు విమానం శిక్షణ కోసం బయల్దేరింది. కాన్లెన్ అనే ఊరి దగ్గర దీపాలు పెట్టిన గురి ఉంటుంది, దాని మీద వేయాలి. నావిగేటరు దారి తప్పాడు. చీకట్లో కింద కోర్టు చుట్టూ నాలుగు దీపాలు కనపడితే అదే గురి అనుకున్నారు. ఆరు బాంబులు వేశారు. అవి సాధన బాంబులు, నిండా ఇసుక, కాస్తంత డైనమైటు. ఒకటి గరాజ్ కప్పు చీల్చుకుని దిగింది, ఒకటి చర్చి పక్కన పడింది. ఎవరికీ గాయం కాలేదు. నష్టం 25 డాలర్లు కూడా లేదని రాసుకున్నారు. ఊళ్లో దీపాలన్నీ ఆర్పేశాకే విమానం వెళ్లిపోయింది.

యాభై ఏళ్ల తర్వాత, 1993లో, ఆ ఊరివాళ్లు ఈ స్మారకం పెట్టుకున్నారు. మీరు చూసింది అదే.

కానీ ఆ ఊరిని నిజంగా దెబ్బతీసింది బాంబులు కాదు, మట్టి. అది వేరే కథ, తీరిగ్గా రాస్తాను.

ఓరుగల్లు

అర్ధరాత్రి నిద్రలో ఉన్నవాళ్ల పరిస్థితి తలచుకుంటేనే గుండె దడదడలాడుతోంది మాస్టారూ. యుద్ధం జరుగుతున్న రోజులు. పైనుంచి ఏదో పడుతోంది, ఎవరు వేస్తున్నారో తెలియదు. వాళ్లకు అది సాధన బాంబని ఎలా తెలుస్తుంది?

పటాలపిచ్చి

ఆ చీలిక గురించి నేను చెప్తాను. నాకు అమెరికా పటంలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇది. దీన్ని ఎవరూ కావాలని గీయలేదు. నాలుగు పక్కలా వేరేవాళ్లు వేరేవేరే కారణాలకు గీతలు గీసుకుంటే, మధ్యలో మిగిలిపోయింది.

దక్షిణపు గీత బానిసత్వం వల్ల వచ్చింది. 1820లో మిస్సోరీ ఒప్పందం జరిగింది. అప్పటి పడమటి భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన, మిస్సోరీ తప్ప, బానిసత్వం ఉండకూడదన్నారు. 1845లో టెక్సస్ బానిస రాష్ట్రంగా యూనియన్‌లో చేరింది. అప్పట్లో టెక్సస్ తనదని చెప్పుకున్న నేల ఆ గీత దాటి చాలా పైదాకా ఉండేది. బానిసత్వం వదులుకోవడం దానికి ఇష్టం లేదు, అందుకని నేలను వదులుకుంది. 1850 ఒప్పందంలో తన ఉత్తర సరిహద్దును సరిగ్గా 36 డిగ్రీల 30 నిమిషాల దగ్గర ఆపేసుకుంది.

ఉత్తరపు గీత 1854లో వచ్చింది. కాన్సస్‌ను ఏర్పాటు చేసినప్పుడు దాని దక్షిణ సరిహద్దును 37వ అక్షాంశం మీద పెట్టారు. పడమట న్యూ మెక్సికో 103వ రేఖాంశం దగ్గర ఆగింది. తూర్పున 100వ రేఖాంశం అవతల చెరోకీ మూలవాసుల కింద ఉన్న నేల.

ఇక లెక్క చూడండి. 36 డిగ్రీల 30 నిమిషాలకీ 37 డిగ్రీలకీ మధ్య అర డిగ్రీ, అంటే సుమారు 34 మైళ్ల వెడల్పు. పొడవు 168 మైళ్లు. ఈ పట్టీ ఏ రాష్ట్రంలోనూ లేదు, ఏ టెరిటరీలోనూ (ఇంకా రాష్ట్రం కాని పాలనా ప్రాంతం) లేదు. కోర్టు లేదు, పోలీసు లేడు, భూమి రిజిస్టరు చేసే ఆఫీసు లేదు. అందుకే జనం ‘నో మ్యాన్స్ లాండ్’ అన్నారు, ఎవరికీ చెందని నేల.

1880ల్లో జనం వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. కట్టుకున్న ఇంటికి పట్టా ఇచ్చేవాళ్లే లేరు. 1887లో వాళ్లంతా కూడి ‘సిమరాన్ టెరిటరీ’ అని ప్రకటించుకుని, గుర్తించమని వాషింగ్టన్‌కు మనిషిని పంపారు. కాంగ్రెస్ పట్టించుకోలేదు. చివరికి 1890లో దీన్ని ఒక్లహోమా టెరిటరీకి కలిపారు. 1907లో ఒక్లహోమా రాష్ట్రం అయినప్పుడు పట్టీని మూడు కౌంటీలు చేశారు: తూర్పున బీవర్, మధ్యలో టెక్సస్ కౌంటీ, పడమటి కొసన సిమరాన్.

ఇంకొక్క మాట. సొంత రాష్ట్రం కాక మరో నాలుగు రాష్ట్రాలను తాకే కౌంటీ అమెరికా మొత్తంలో ఇదొక్కటే. కొలరాడో, కాన్సస్, న్యూ మెక్సికో, టెక్సస్.

కొండగాలి

పటాలపిచ్చి గారూ, చాలా బాగా రాశారు. కానీ ‘ఎవరికీ చెందని నేల’ అనే మాట దగ్గర నేను ఆగుతాను. కాంగ్రెస్ పటంలో ఎవరి పేరూ లేదు, నిజమే. ఆ నేల మీద మాత్రం కొమాంచీ, కియోవా మూలవాసులు ఉన్నారు. అడవిదున్నల మందల వెంట తిరుగుతూ బతికారు. అంతకన్నా ముందు, ఈ కౌంటీ పడమటి కొసన ఉన్న కెంటన్ దగ్గరి కొండ గుహల్లో మనుషులు ఉండేవారని, మొక్కజొన్న తిన్నారని అక్కడి పొడి నేలలో దొరికిన వస్తువులే చెప్తున్నాయి. వాళ్లను రిజర్వేషన్లకు పొమ్మన్న 1867 మెడిసిన్ లాడ్జ్ ఒప్పందం, 1874–75లో సైన్యంతో యుద్ధం, మధ్యలో దున్నల వేట. ఇవన్నీ కలిసి వాళ్లను అక్కడినుంచి తరిమేశాక ఆ నేల ‘ఎవరికీ చెందనిది’ అయింది.

ఆ దారి కూడా పాతదే. మిస్సోరీ నుంచి శాంటా ఫే వెళ్లే వర్తకుల బండ్లు ఈ కౌంటీ గుండానే వెళ్లేవి. కొలరాడో వైపు కొండల దారి ఒకటి ఉండేది, ఇది అడ్డదారి. దూరం తక్కువే, కానీ నీళ్లు దొరకవు. అందుకే ఊట ఉన్న ప్రతి చోటా బండ్లు ఆగేవి. కోల్డ్ స్ప్రింగ్ అనే ఊట దగ్గర, ఆటోగ్రాఫ్ రాక్ అనే మెత్తటి ఇసుకరాతి గోడ మీద, బాటసారులు తమ పేర్లు, తేదీలు చెక్కుకున్నారు. 1865లో బండ్లకు కాపలాగా కిట్ కార్సన్ అనే సైనికాధికారి ఇక్కడే క్యాంప్ నికల్స్ అనే చిన్న కోట కట్టించాడు. కొన్ని నెలలకే వదిలేశారు. ఇప్పుడు రాళ్ల పునాదులు మిగిలాయి.

పటాలపిచ్చి

మీరన్నది సరైనదే అక్కా. నేను పటం వైపు నుంచి చూసి రాశాను. ఇకపై ‘పటం మీద ఎవరికీ చెందని నేల’ అంటాను.

పాతకాగితాలు

మట్టి కథ రాస్తానన్నాను కదా, దానికన్నా ముందు ఊరు ఎలా పుట్టిందో చెప్తాను.

1908లో ఒక్లహోమాలోనే ఉన్న గత్రీ ఊరి నుంచి వచ్చిన ఒక కంపెనీవాళ్లు బోయిస్ సిటీ పేరుతో ప్లాట్లు అమ్మకానికి పెట్టారు. ‘బోయిస్’ అనే మాట ఫ్రెంచిలో చెట్లున్న చోటును చెప్పే మాట నుంచి వచ్చింది. బ్రోచర్లలో ఏముందంటే: చెట్ల నీడన చదునైన వీధులు, కాలిబాటలు, మంచి ఇళ్లు, ఊరి నడుమ పొంగే నీళ్ల బావి. దేశం నలుమూలలా దాదాపు మూడు వేల ప్లాట్లు అమ్ముడుపోయాయి.

జనం దిగి చూస్తే చెట్టు లేదు, వీధి లేదు, ఇల్లు లేదు, బావి లేదు. కొలత కర్రలు పాతిన గడ్డి మైదానం. ఇంకా ఘోరమేమిటంటే, అమ్మిన నేల అమ్మినవాళ్లదే కాదు. పోస్టు ద్వారా మోసం చేశారని కేసు పెట్టారు, నేరం రుజువైంది, జైలుకు పంపారు.

నాకు మనసుకు పట్టుకున్నది ఆ తర్వాత జరిగింది. మోసపోయినవాళ్లలో కొందరు వెనక్కి వెళ్లలేదు. ఎలాగూ వచ్చాం కదా అని అక్కడే ఉండిపోయి నిజంగానే ఊరు కట్టారు. అప్పటిదాకా కెంటన్‌లో ఉన్న కౌంటీ ముఖ్యపట్టణం కూడా అదే ఏడాది బోయిస్ సిటీకి మారింది. 1925లో రైలు వచ్చింది. మీ పిల్లలు ఆకలి తీర్చుకున్న ఊరు ఒక దొంగ బ్రోచరును నమ్మి వచ్చినవాళ్లు నిలబెట్టిన ఊరు.

ఓరుగల్లు

ఈ పోస్టు మా మామయ్యకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన హైదరాబాదు చుట్టుపక్కల ఒక వెంచర్‌లో ప్లాటు కొని పదేళ్లు తిరిగారు. బ్రోచరులో పార్కు, క్లబ్ హౌస్, వంద అడుగుల రోడ్డు. అక్కడికెళితే రాళ్ల గుట్ట. మాస్టారు రాసింది మొత్తం విని, ‘అంత దూరం పోయి, వెనక్కి పోలేక, అక్కడనే ఇల్లు కట్టుకున్నరా’ అని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మెట్టరైతు

ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను. మాది రాయదుర్గం వైపు. నేల శాస్త్రం చదువుకున్నాను, ఇప్పుడు ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో అదే పని. మట్టి గురించి రాయకుండా ఉండలేను. పొడవైతే మన్నించండి.

సిమరాన్ కౌంటీలో ఏడాదికి పడే వాన సుమారు 17–18 అంగుళాలు. మా అనంతపురం సగటు కన్నా తక్కువ. గాలి మాత్రం ఏడాది పొడుగునా కొడుతూనే ఉంటుంది. అలాంటి చోట మట్టిని పట్టి ఉంచింది గడ్డి. బఫెలో గడ్డి, గ్రామా గడ్డి. పైకి చూస్తే జానెడు కూడా ఉండదు. కింద వేళ్లు మాత్రం చాప అల్లినట్టు అల్లుకుని ఉంటాయి. కరువు వస్తే ఆకు ఎండుతుంది, వేరు బతికే ఉంటుంది, వాన పడగానే మళ్లీ లేస్తుంది.

ఆ చాపను చింపేశారు. ఎందుకు చింపారో కూడా చూడాలి. నాగలి వెంటే వాన వస్తుందని, దున్నితే వాతావరణమే మారుతుందని ఆ రోజుల్లో పెద్దపెద్దవాళ్లే చెప్పారు. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం. యూరప్‌కు గోధుమ కావాలి, ప్రభుత్వం బుషెలుకు రెండు డాలర్లకు పైన ధర ఖాయం చేసింది. బుషెలంటే 27 కిలోలు. ఆపైన 1920ల్లో వానలు బాగా పడ్డాయి, ట్రాక్టర్లు వచ్చాయి, పళ్లేల నాగలి వచ్చింది. గుర్రాలతో వారం పట్టే దుక్కి ఒక్క రోజులో అయిపోయేది. ఎక్కడో పట్నంలో ఉండి, విత్తనం వేయడానికీ కోతకూ మాత్రమే పెట్టె పట్టుకుని వచ్చిపోయే రైతులు తయారయ్యారు. వాళ్లను ‘సూట్‌కేస్ రైతులు’ అనేవారు.

1931లో పంట విరగకాసింది, ధర విరిగిపోయింది. బుషెలు 40 సెంట్ల లోపుకు పడిపోయింది. అప్పు తీర్చాలంటే ఇంకా ఎక్కువ దున్నాలి. ఎక్కువ దున్నితే ధర ఇంకా పడుతుంది. ఆ తర్వాత వాన ఆగిపోయింది. సూట్‌కేస్ రైతులు మళ్లీ రాలేదు. దున్నిన నేల, పంట లేదు, గడ్డి లేదు, గాలి ఉంది.

ఇళ్లలో ఎలా బతికారో చదివితే నిద్రపట్టదు. కిటికీలకు తడి దుప్పట్లు కట్టేవారు. కంచాలు, గ్లాసులు బోర్లించి పెట్టి, తినే క్షణంలో తిప్పేవారు. గాలి రాపిడికి కరెంటు పుట్టి కార్లు ఆగిపోతుంటే, అది నేలలోకి దిగడానికి వెనకాల ఇనుప గొలుసు ఈడ్చుకుంటూ నడిపేవారు. మేత లేక పశువులకు రష్యన్ తిసిల్ అనే ముళ్ల కంప పెట్టారు. మనుషులు కూడా దాని లేత కొమ్మలను ఉప్పులో వేసుకుని తిన్నారు. దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియాతో పసిపిల్లలు, ముసలివాళ్లు పోయారు.

1935 ఏప్రిల్ 14. మట్టల ఆదివారం. పొద్దున ఆకాశం తేటగా ఉంది, వారాల తర్వాత మంచి ఎండ. జనం ఇళ్లు దులుపుకున్నారు, బట్టలు ఆరేశారు. బోయిస్ సిటీలో ఆ రోజు ఒక ముసలావిడకీ, దుమ్ము న్యుమోనియాతో పోయిన ఆమె మునిమనవరాలికీ, అది పసిగుడ్డు, ఒకేసారి అంత్యక్రియలు. ముసలావిడను మట్టి చేయడానికి బయల్దేరిన కార్లు దారిలో ఉండగా ఉత్తరం నుంచి నల్లటి గోడ లేచి వచ్చింది. మధ్యాహ్నమే కాటుక చీకటి. పక్కనున్న మనిషి కనపడలేదు. దాన్నే ‘బ్లాక్ సండే’ అంటారు.

అదే రోజు అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబర్ట్ గైగర్, ఫొటోగ్రాఫర్ హ్యారీ ఐసెన్‌హార్డ్ బోయిస్ సిటీకి ఆరు మైళ్ల దూరంలో ఆ చీకట్లో చిక్కుకుని రెండు గంటలు ఉండిపోయారు. మర్నాడు గైగర్ పంపిన వార్తలోనే ‘డస్ట్ బౌల్’ అనే మాట మొదటిసారి వచ్చింది. ఇక్కడి రైతు బతుకంతా ‘వాన పడితే’ అనే మాట మీదే నడుస్తోందని ఆ వార్తలోనే రాశాడు. మా ఊళ్లో మా తాత నోట నేను రోజూ విన్న మాట అది.

బాటసారి_డాలస్

అన్నా, ఆరు మైళ్లంటే మేము ఊళ్లోకి రాకముందు పిల్లలు కిటికీలోంచి ఆవులు చూసిన చోటు అయ్యుండొచ్చు. చదువుతూ నా భార్యకు కూడా చూపించాను. మరి కాలిఫోర్నియాకు వలసపోయిన ‘ఓకీ’లంటే వీళ్లేనా? 5,408 మందిలో తగ్గినవాళ్లంతా అక్కడికే వెళ్లారా?

పాతకాగితాలు

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ కాదు. కాలిఫోర్నియా దారి పట్టిన ఒక్లహోమావాళ్లలో ఎక్కువమంది తూర్పు, మధ్య జిల్లాల పత్తి కౌలుదార్లు. వాళ్లను వెళ్లగొట్టింది దుమ్ము కన్నా పత్తి ధర, ట్రాక్టరు, భూస్వామి. పశ్చిమపు కొసన ఉన్న దుమ్ము నేలలో సొంత భూమి ఉన్నవాళ్లలో చాలామంది కదల్లేదు. సిమరాన్ జనాభా 1940కి 3,654కు వచ్చింది. అంటే ముగ్గురిలో ఒకరు వెళ్లిపోయారు, ఇద్దరు ఉండిపోయారు. 1950కి మళ్లీ 4,589 అయింది. ఆపైన తగ్గుతూ వచ్చింది నెమ్మదిగా, పెద్ద కమతాల వల్ల, పిల్లలు చదువులకు వెళ్లి తిరిగి రాకపోవడం వల్ల.

ఉండిపోయినవాళ్లను చూడాలంటే ఆర్థర్ రోత్‌స్టీన్ 1936 ఏప్రిల్‌లో ఈ కౌంటీలోనే తీసిన ఫొటో చూడండి. ఒక రైతు, ఇద్దరు కొడుకులు గాలికి వంగి సగం మట్టిలో కూరుకుపోయిన కొట్టం వైపు వెళ్తుంటారు. చిన్నవాడు వెనకబడి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఉంటాడు. రోత్‌స్టీన్ కొంత చెప్పి చేయించాడన్న వాదన ఒకటి ఉంది. అయినా ఆ కొట్టాన్ని పూడ్చిన మట్టి చెప్పి చేయించింది కాదు కదా.

కొండగాలి

మెట్టరైతు గారూ, ఒక ప్రశ్న. మీరు రాసింది చదివితే అందరూ బాధితులే అనిపిస్తుంది. గడ్డిని చింపింది మనుషులే కదా? వాతావరణం మీదికి నెట్టేస్తే ఎలా?

మెట్టరైతు

నేను నెట్టలేదు అక్కా. కరువు ఆ నేలకు కొత్త కాదు, పదేపదే వచ్చేదే. గడ్డి ఉన్నంతకాలం కరువు వచ్చినా మట్టి ఎగరలేదు. మట్టిని వదులు చేసింది నాగలే. కానీ నాగలి పట్టినవాడి ఒక్కడి తప్పు అంటే ఒప్పుకోలేను. దున్నమని ధర పెట్టిన ప్రభుత్వం, అప్పిచ్చిన బ్యాంకు, నేల అమ్మిన కంపెనీ, అందరి చెయ్యీ ఆ నాగలి మీద ఉంది. పంట పోయినప్పుడు మాత్రం రైతు ఒక్కడే మిగిలాడు. మా వైపు వేరుశనగ కూడా అలాగే వచ్చింది, అందుకే నాకు ఈ విషయంలో కాస్త ఆవేశం.

దిద్దుబాటు కూడా జరిగింది, అదీ చెప్పాలి. హ్యూ బెన్నెట్ అనే నేల శాస్త్రవేత్త వాషింగ్టన్‌లో పోరాడితే 1935 ఏప్రిల్ 27న నేల సంరక్షణ చట్టం వచ్చింది. నల్ల ఆదివారం అయిన రెండు వారాలకే. వాలుకు అడ్డంగా దున్నడం, గాలికి అడ్డంగా లోతు చాళ్లు వేయడం, జొన్న మోళ్లు పీకకుండా వదిలేయడం రైతులకు నేర్పారు, పాటించినవాళ్లకు డబ్బులిచ్చారు. చితికిపోయిన పొలాలను ప్రభుత్వం కొనేసి మళ్లీ గడ్డి వేసింది. సిమరాన్ దక్షిణ భాగంలో ఇప్పుడున్న రీటా బ్లాంకా గడ్డిమైదానం అలా వచ్చిందే. మా వైపు హగరి నది ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక పొలాల మీదికి మేటలు వేస్తుంటే ఆపడానికి చెట్లు నాటడం నేను చూశాను. అందుకే ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు. గడ్డిని ఒక్క రోజులో చింపొచ్చు, మళ్లీ అల్లుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

పటాలపిచ్చి

ఇప్పుడు అక్కడ ఏం పండిస్తున్నారు? విమానంలోంచి చూస్తే పచ్చటి గుండ్రాలు కనపడతాయి.

మెట్టరైతు

ఆ గుండ్రాలు నీటి పైపు చక్రాలు. 160 ఎకరాల చదరం మధ్యలో బోరు. దాని చుట్టూ చక్రాల మీద పొడవాటి పైపు గడియారం ముల్లులా తిరుగుతుంది. నాలుగు మూలలూ తడవవు. గోధుమ, మొక్కజొన్న, జొన్న వేస్తారు. జొన్న అంటే మన జొన్నే, అక్కడ ‘మైలో’ అంటారు, పశువుల దాణాకు పోతుంది. ఒకప్పుడు చీపుర్లు కట్టే జొన్న కూడా బాగా పండించేవారు. మిగతాదంతా పశువుల మేత నేల.

ఆ నీళ్లు ఒగల్లాల భూగర్భ జలాలు. ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకుని ఉంది. యుద్ధం తర్వాత లోతు బోర్లు, గ్యాసుతో నడిచే పంపులు వచ్చాక తోడటం మొదలైంది. అక్కడి వానకు అది మళ్లీ నిండదు, తోడినంత వేగంలో అసలే నిండదు. మట్టం దిగుతూనే ఉంది. బోర్ల సంగతి మన పాఠకులకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

కొండగాలి

దుమ్ము, అప్పులే కాదు, ఆ కౌంటీలో అందమైన మూల కూడా ఉంది. బోయిస్ సిటీ నుంచి పడమరగా 35 మైళ్లు వెళ్తే నేల ఒక్కసారిగా విరిగి కొండలు, ఎర్ర రాళ్లు, సిమరాన్ నది లోయ వస్తాయి. అక్కడ ఉంది కెంటన్. ఒక్లహోమా అంతా సెంట్రల్ టైమ్ అయితే, కెంటన్‌వాళ్లు తమంతట తాము మౌంటెన్ టైమ్ పాటిస్తారు. వాళ్లకు దగ్గరి పనులన్నీ న్యూ మెక్సికో, కొలరాడో వైపే.

దాని పక్కనే బ్లాక్ మెసా. పదుల లక్షల ఏళ్ల కిందట కొలరాడో వైపు నుంచి పారిన లావా పాత లోయలో గడ్డకట్టింది. చుట్టూ ఉన్న మెత్తటి నేల కోసుకుపోయి, లావా కప్పిన చోటు బల్లలా పైన నిలిచింది. 4,973 అడుగులు, ఒక్లహోమాలో అన్నిటికన్నా ఎత్తైన చోటు. 1930ల్లో, దుమ్ము కాలంలోనే, ఒక్లహోమా విశ్వవిద్యాలయం నుంచి స్టోవల్ అనే ఆచార్యుడు పనిలేని స్థానికులతో ఇక్కడ డైనోసార్ల ఎముకలు తవ్వించాడు. ఉపాధి పథకం కింద కూలి ఇచ్చారు. పొలం ఎగిరిపోయిన మనుషులు కొండ కింద ఎముకలు దులిపి బతికారు. బోయిస్ సిటీ మ్యూజియం ముందు ఇనుప డైనోసార్ బొమ్మ చూసే ఉంటారు, అది ఆ గుర్తు.

రాత్రి ఆకాశం చెప్పలేను. మేము డెన్వర్ నుంచి టెలిస్కోపు వేసుకుని వెళ్తాం. శరదృతువులో కెంటన్ దగ్గర ఏటా నక్షత్రాల మేళా జరుగుతుంది. పాలపుంత కింద మన నీడ కనపడుతుందా అన్నంత చీకటి.

ఓరుగల్లు

బాటసారి అన్నా, ఈసారి వెళ్తే ఆ కొండ ఎక్కండి. ఆటోగ్రాఫ్ రాక్ కూడా చూడగలరా?

కొండగాలి

ఆ రాయి ప్రైవేటు భూమిలో ఉంది. బోయిస్ సిటీ మ్యూజియంలో ముందుగా అడిగి, పేరు రాసి వెళ్లాలి. కొండకు మాత్రం పగటిపూట ఎప్పుడైనా వెళ్లొచ్చు. రానుపోను 8 మైళ్లు దాటుతుంది, నీళ్లు మీరే మోసుకెళ్లాలి, దారిలో నీడ ఉండదు. వేసవిలో పాములు ఉంటాయి, పిల్లలుంటే అక్టోబరు మేలు.

బాటసారి_డాలస్

వెళ్లొచ్చాం.

పెద్దాడు కొండపైదాకా నడిచాడు, చిన్నదాన్ని చివరి మైలు నేను ఎత్తుకున్నాను. పైన అంతా చదును, గడ్డి, నల్లరాళ్లు, ఎక్కడా ఎవరూ లేరు. ఒక గ్రానైటు స్తంభం ఉంది. దాని పక్కల మీద ఏ రాష్ట్రం ఎంత దూరమో చెక్కారు. కొలరాడో ఉత్తరాన 4.7 మైళ్లు. టెక్సస్ దక్షిణాన 31. కాన్సస్ 53. న్యూ మెక్సికో మాత్రం 1,299 అడుగులే. మా వాడు ఆ వైపు పరుగెత్తబోతే ఆపాను.

పటాలపిచ్చి గారు చెప్పిన గీతలన్నీ అక్కడ రాయి మీద ఉన్నాయి. చుట్టూ చూస్తే మాత్రం గీత ఒక్కటీ కనపడదు. గడ్డి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అలా వెళ్లిపోతోంది.

దిగేటప్పుడు మెట్టరైతు అన్న మాట గుర్తొచ్చి ఒకచోట కూర్చుని గడ్డి దుబ్బు ఒకటి లాగి చూశాను. రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు.

స్తంభం దగ్గర పెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది, వచ్చినవాళ్లు పేర్లు రాసి వెళ్తారు. మా నలుగురి పేర్లూ తెలుగులో రాశాను. తర్వాత ఎవరైనా వెళ్తే చూడండి.